రెండో దెబ్బ

మా పెదనాన్నకి చెవుడని కంపెనీ కాగితంలో రాసి ఉంది. రాసినవాడి చెయ్యి పడిపోను. పక్కవీధిలో గిన్నె జారి పడితే అది ఇత్తడిదో స్టీలుదో చెప్పే మనిషి ఆయన. మా పెద్దమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది: "ఈయనకి నా మాట తప్ప అన్నీ వినపడతాయమ్మా. ఎదురుగా నిలబడి ఉప్పు అయిపోయిందంటే మాత్రం ఊఁ అనడు." పెదనాన్న దానికీ ఊఁ అనేవాడు కాదు.

అసలు ఆయన ఉద్యోగమే వినడం. ఆయన పనిచేసేది ఒక గ్యాసు కంపెనీ. మనిషంత ఎత్తున్న ఇనప సిలిండర్లలో గ్యాసు నింపి వెల్డింగు షాపులకీ ఆసుపత్రులకీ పంపుతుంది. ఖాళీ అయినవి తిరిగొస్తాయి. వాటిని మళ్ళీ నింపే ముందు ఒక్కోదాన్నీ చిన్న సుత్తితో కొట్టి వినాలి. బాగున్న సిలిండరు ఖంగుమంటుంది, ఆ మోత మూడు నాలుగు సెకన్లు గాల్లో నిలబడుతుంది. లోపల తుప్పు తిన్నదో, పగులు పుట్టిందో అయితే నానిన చెక్కని కొట్టినట్టు దబ్బుమని ఊరుకుంటుంది. అంత తేడా ఉంటే నేనూ చెప్పేదాన్ని. చాలావాటిలో తేడా వెంట్రుకంతే ఉంటుంది. ఐదేళ్ళకోసారి నీళ్ళు పట్టించి చేసే పెద్ద పరీక్ష ఒకటుంది గానీ, ఆ మధ్యకాలమంతా ఈ సుత్తీ ఈ చెవీ తప్ప దిక్కు లేదు.

పెదనాన్న కొట్టి విన్న సిలిండర్లని పక్క షెడ్డులో నింపేది మా నాన్న. అన్నే తమ్ముణ్ణి ఉద్యోగంలో పెట్టించాడు. పదేసి సిలిండర్లని వరసగా నిలబెట్టి, గొలుసు కట్టి, గొట్టాలు బిగించి, నూట యాభై కేజీల ఒత్తిడి దాకా నింపుతాడు. నింపుతున్నంతసేపూ వరస వెంబడి నడుస్తూ ఒక్కోదాని మీదా అరచెయ్యి ఆనించి చూడాలి. గ్యాసు ఎక్కుతున్నది వెచ్చబడుతుంది. చల్లగా ఉంటే గొట్టం పూడుకుపోయినట్టు. పిల్లలకి జ్వరం చూసినట్టు చూసేవాడు నాన్న. అంటే చెడ్డ సిలిండరు ఒక్కటి అన్న చెవి దాటి వచ్చిందంటే, అది పేలేటప్పుడు తమ్ముడి చెయ్యి దాని మీదే ఉంటుంది.

నాన్న దీన్ని కూడా వేళాకోళంగానే చెప్పేవాడు. "నా ప్రాణం మా అన్న చెవిలో ఉంది. అందుకే గులిమి తీయించుకోమని వదినతో పోరు పెట్టిస్తుంటాను," అని. ముప్ఫై ఒక్క ఏళ్ళు అలాగే గడిచాయి.

పెదనాన్నకి పని నేర్పినవాడు ఒక ముసలి మేస్త్రీ. మొదటి ఏడాది సుత్తి ముట్టుకోనివ్వలేదట. గోడవైపు తిరిగి కూచోబెట్టి, తను కొడుతుంటే మంచిదో చెడ్డదో చెప్పమనేవాడట. ఆ కథ పెదనాన్న నాకు ఎన్నిసార్లు చెప్పాడో. "అన్నీ మంచివే వస్తాయే. రోజంతా మంచిది, మంచిది, మంచిది అని నోరు అలవాటు పడిపోతుంది. నాలుగో రోజునో ఐదో రోజునో ఒక చెడ్డది వస్తుంది. అప్పుడు కూడా నోరు మంచిదనే అనేస్తుంది. చెవికి తెలుస్తుంది గానీ నోరు ఆగదు." మంచిదాన్ని చెడ్డదంటే మేస్త్రీ ఒక మొట్టికాయ వేసి ఊరుకునేవాడట. చెడ్డదాన్ని మంచిదంటే ఆ పూట భోజనం లేదు. పెదనాన్న ఇంటినించి తెచ్చుకున్న డబ్బా ఎదురుగా పెట్టుకుని మేస్త్రీయే తినేవాడట, చూస్తూ ఉండమని. "వాడేం మనిషి పెదనాన్నా!" అంటే, "ఆ మనిషి వల్లే మీ నాన్న ఉన్నాడు," అనేవాడు.

బాగున్నదాన్ని ఆయన ఒక్కసారే కొట్టేవాడు. అనుమానం వస్తే తల పక్కకి వాల్చి, సుత్తి తిరగేసి, సిలిండరు భుజం దగ్గర మెల్లగా ఇంకొక్కటి. ఆ రెండోది ఎందుకని చిన్నప్పుడు అడిగాను. "మొదటిది నా కోసం. రెండోది దాని కోసం. కోసేశాక మళ్ళీ అతకదు కదా, ఇంకోమాటు చెప్పుకోనివ్వాలి," అన్నాడు. రెండోదాంతో ఆయన మనసు మార్చుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు, అది అయ్యాక ఇక మాటుండదు. జేబులోంచి సుద్దముక్క తీసి పెద్ద ఇంటూ గుర్తు గీసేవాడు. ఆ గుర్తున్న సిలిండరుని నాన్న చేత్తో తాకేవాడు కాదు, పై నుంచి దేవుడు దిగొచ్చి నింపమన్నా సరే. సాయంత్రం అయ్యేలోపు దాన్ని రెండు ముక్కలుగా కోయించి గానీ పెదనాన్న ఇంటికొచ్చేవాడు కాదు. "చెడ్డది నిలబడి ఉంటే ఎవడో ఒకడు నింపుతాడు," అనేవాడు.

ఈ కొట్టే రోగం ఇంట్లోనూ ఉండేది. కప్పులు కొనడానికి వెళితే షాపులో ప్రతిదాన్నీ గోటితో మోగించేవాడు, పెద్దమ్మ తల కొట్టేసినట్టై బయటికొచ్చి నిలబడేది. నాకు లెక్కల్లో సున్నా వచ్చినప్పుడు నా నెత్తి మీద వేలితో ఒకటి కొట్టి, చెవి దగ్గర పెట్టి, "బాగా మోగుతోందే. ఖాళీ అన్నమాట. ఇంకా చాలా పడుతుంది," అన్నాడు. నాన్న పడీ పడీ నవ్వాడు. ఆ ఖాళీ బుర్రతోనే కంప్యూటరు నేర్చుకుని, పెదనాన్న సిఫారసుతోనే అదే కంపెనీలో ఆపరేటరుగా చేరాను. ఆ సిఫారసు ఎందుకు చేశాడో, ఆ రోజు ఆయన నోరు పడిపోయినా బాగుండేది.

కొత్త మేనేజరు వచ్చాక మెషీను మాట మొదలైంది. మేనేజరు మంచివాడే అంటారు అందరూ. ఎవర్నీ కసరడు, పెద్దాయనా అనే పిలుస్తాడు. మంచివాడే, వాడి బొంద. ఇలాంటి పని ఒక మనిషి చెవి మీద ఆధారపడడం ఏమిటి, ఆ మనిషికి జలుబు చేస్తే కంపెనీ మూసుకోవాలా అని ఆయన వాదన. నిజం చెప్పాలంటే అది తప్పుడు వాదనేం కాదు. పెదనాన్నకి యాభై తొమ్మిది నిండాయి. ఆయన తరవాత ఎవరు?

మెషీనుకి వినడం నేర్పడానికి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. బక్కపల్చటి పిల్ల, నాకంటే రెండేళ్ళు పెద్దదేమో. వచ్చినరోజే పెదనాన్న పక్కన స్టూలు వేసుకుని కూచుంది. ఆయన కొట్టే చోట మైకు పెట్టింది. ఆయన కొడతాడు, మంచిదో చెడ్డదో చెప్తాడు, నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని ఆ చప్పుడుకి ఎదురుగా 'మంచిది' అనో 'చెడ్డది' అనో నొక్కుతాను. రోజుకి రెండు వందల సిలిండర్లు. ఎనిమిది నెలలకి నలభై వేల చప్పుళ్ళు పోగయ్యాయి. వాటిలో చెడ్డవి ఎన్నో తెలుసా? యాభై మూడు.

మొదటిసారి మెషీనుకి పరీక్ష పెట్టిన రోజు మేనేజరు స్వీట్ల డబ్బాతో వచ్చాడు. నూటికి తొంభైతొమ్మిది పాయింట్ ఎనిమిది మార్కులు వచ్చాయట. ఇంజనీరమ్మ మాత్రం స్వీటు ముట్టుకోలేదు. "ఎన్ని చెడ్డవాటిని పట్టిందో అడగండి," అంది. ఒక్కటీ పట్టలేదు. ప్రతిదాన్నీ మంచిదే అనేసింది.

పెదనాన్న పగలబడి నవ్వాడు. "అంటే రేపటినించి నేను చెవుల్లో దూది కుక్కుకుని, అన్నీ మంచివే అంటూ కూచుంటే నాక్కూడా తొంభైతొమ్మిది మార్కులూ స్వీట్లూ ఇస్తారా?"

"ఇస్తారు బాబాయిగారూ. అదే గొడవ," అంది ఇంజనీరమ్మ. "నలభై వేలలో యాభై మూడంటే మెషీను కంటికి ఆనవు. అన్నీ మంచివనడమే దానికి సుఖం."

"నాకూ అలాగే ఉండేది," అని పెదనాన్న ముసలి మేస్త్రీ కథ ఎత్తుకున్నాడు. మొట్టికాయ దగ్గరికీ భోజనం దగ్గరికీ వచ్చేసరికి ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. "మేమూ అదే చేస్తాం బాబాయిగారూ! మంచిదాన్ని తప్పు చెప్తే చిన్న శిక్ష, చెడ్డదాన్ని తప్పు చెప్తే పెద్ద శిక్ష. అది చాలకపోతే చెడ్డవాటికి కాపీలు తీస్తాం."

అంతపనీ చేసింది. ఆ పిల్ల పనిదొంగ అని నేను అనను. యాభై మూడింటిలో పది పక్కన దాచిపెట్టింది, మెషీనుకి ముందు చూపించకుండా చివరి పరీక్షకి. మిగతా నలభై మూడింటికి ఒక్కోదానికి దాదాపు తొమ్మిది వందల కాపీలు తీసింది. అచ్చం ఒకేలా ఉంటే బట్టీ పడుతుందని ఒకదాన్ని కాస్త హెచ్చించి, ఒకదాన్ని తగ్గించి, ఒకదాంట్లో లారీ చప్పుడు కలిపి. మంచివీ చెడ్డవీ సరిసమానం అయ్యాయి. ఆ కాపీలు సరిగా వచ్చాయో లేదో వినే పని నాది. రోజంతా అవే నలభై మూడు చావు మోతలు. ఖణ్, కాస్త ఆగి, టక్. దబ్, కాస్త ఆగి, టక్. కలలో కూడా వినపడేవి. నాకు అనిపించలేదు చూడండి. వేలసార్లు విన్నాను, చెవుల్లో హెడ్‌ఫోన్లే కదా పెట్టుకున్నాను, సీసం కాదు. చెడ్డవన్నీ రెండు దెబ్బలు, మంచివన్నీ ఒక్క దెబ్బ. పుట్టినప్పట్నించీ పెదనాన్న అలాగే కొట్టడం చూసినదాన్ని, అందులో వింతేముందని అనిపించింది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పరీక్షలో మెషీను పదికి పదీ పట్టేసింది. ఇంజనీరమ్మ ఎగిరి గంతేసి నన్ను కావలించుకుంది. ఆ తరవాత రెండు వారాలు పెదనాన్న కొడుతుంటే మెషీను పక్కనే ఉండి విన్నది. మూడు చెడ్డవి వచ్చాయి, మూడింటికీ ఎర్రలైటు వెలిగింది. పెదనాన్న కూడా మెషీను వీపు తట్టి, "పర్వాలేదు, భోజనం పెట్టొచ్చు," అన్నాడు.

ఆ తరవాత మనిషి చేతికి బదులు సుత్తి పట్టుకునే ఇనప చెయ్యి వచ్చింది. అది ఒక్కోదాన్నీ ఒక్కసారి, ఒకే బలంతో కొడుతుంది. ఇంజనీరమ్మ మంచి సిలిండర్ల మీద దాన్ని కొట్టించి చూసింది, పచ్చలైట్లు వెలిగాయి. చెడ్డదాని మీద కూడా చూద్దామంది. యార్డు మొత్తం వెతికితే ఒక్క చెడ్డ సిలిండరు లేదు. ఎలా ఉంటుంది? పెదనాన్న దగ్గరుండి కోయించేశాడు కదా. "మొదటిది తగలగానే నాకు ఫోను చెయ్యండి," అని చెప్పి ఆ పిల్ల ఇంకో ఊరికి ఇంకో పనికి వెళ్ళిపోయింది.

అప్పుడు చేయించారు పెదనాన్నకి చెవి పరీక్ష. కంపెనీ డాక్టరు గాజుగదిలో కూచోబెట్టి బీప్ బీప్ అనిపించాడు. సన్నగా, కీచుమనేవి ఎడం చెవికి వినపడలేదు. ఆ వయసుకి ఎవరికీ వినపడవని డాక్టరే అన్నాడట, కానీ కాగితం మీద మాత్రం 'వినికిడి లోపం' అని రాశాడు. "సిలిండరు కీచుమంటుందటే ఎక్కడైనా?" అన్నాడు పెదనాన్న నాతో. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రోజు అన్నం సగంలో లేచాడు. మర్నాటినించి యార్డు ఆ చివర మూతలు బిగించే పనికి మార్చారు.

రోజూ సాయంత్రం గేటు దగ్గర కలిసినప్పుడు ఒకటే ప్రశ్న. "ఎర్రలైటు వెలిగిందా?"

"లేదు పెదనాన్నా."

వారం అయింది. "ఇవాళ?" "లేదు." రెండో వారం. "ఇవాళైనా?" "లేదంటే!"

"వారానికి ఒకటైనా రావాలే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో రెండు వారాలు ఉత్తిగా పోవడం నేను చూళ్ళేదు."

"ఈమధ్య వచ్చేవన్నీ కొత్త సిలిండర్లట, మేనేజరుగారు చెప్పారు."

"కొత్తవి వస్తే పాతవి ఎక్కడికి పోయాయట, పుట్టింటికా?"

నాకు విసుగొచ్చేది. పని పోయిన మనిషి ఏదో ఒకటి సణుగుతాడు అనుకున్నాను. ఇంజనీరమ్మకి ఫోను చెయ్యాల్సింది మొదటి ఎర్రలైటు వెలిగాక కదా. వెలగకపోతే చెయ్యాలని ఎవరూ అనుకోలేదు.

మూడో వారం గురువారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ, పెదనాన్న తన పాత సుత్తి తీసుకుని నింపడానికి సిద్ధంగా పెట్టిన వరస దగ్గరికి వెళ్ళాడు. నేను మేనేజరు గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఖంగు, ఖంగు, ఖంగు అని కొట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. తల వాల్చాడు. సుత్తి తిరగేశాడు. రెండోది కొట్టాడు. జేబులో ఇంకా సుద్దముక్క ఉంది ఆయనకి.

మేనేజరు గదికి తిన్నగా వచ్చి, "ఒకటి దొరికింది, గీసి వచ్చాను, కోయించండి," అన్నాడు. మేనేజరు చాలా మర్యాదగా, "సరే పెద్దాయనా, పక్కన పెట్టిస్తాను, మీరు వెళ్ళి భోంచెయ్యండి," అన్నాడు. పెదనాన్న నా వైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమ్మలెగరేసి వెళ్ళిపోయాడు. నేను ఉన్నానన్న ధైర్యం.

ఆయన వెళ్ళాక మేనేజరు, "అమ్మాయీ, దాన్ని మెషీను కింద ఇంకోసారి పెట్టించు," అన్నాడు. పెట్టించాను. ఇనప చెయ్యి ఒక్కటి కొట్టింది. పచ్చలైటు. నూటికి తొంభై ఎనిమిది వంతులు మంచిదట. మేనేజరు నిట్టూర్చాడు. "పాపం, ఆయన బాధ నాకు తెలుసు. కానీ డాక్టరు కాగితం చూశావుగా. ఇలా గీతలు గీస్తుంటే మీ నాన్న పని ఆపేస్తాడు. తుడిచెయ్యమ్మా."

నేను వద్దనాల్సింది. ఒకసారి నాన్నని పిలవాల్సింది. ఏమీ చెయ్యలేదు. మెషీనుకి చెవి నేర్పింది నేనే కదా అన్న పొగరు కూడా ఉందేమో నాలో, ఇప్పుడు దాచుకుని ఏం లాభం. బకెట్లో గుడ్డ తడిపి తుడిచాను. సుద్ద మొండిగా పట్టుకుంది, రెండుసార్లు రుద్దాల్సి వచ్చింది. సిలిండరు తిరిగి వరసలోకి వెళ్ళింది.

శుక్రవారం పొద్దున పదిన్నర దాటింది. నేను హెడ్‌ఫోన్లలో ఉన్నాను, అందుకని ముందు చప్పుడు వినపడలేదు, కాళ్ళ కింద నేల దులిపినట్టయింది. తరవాత పైన రేకులు ఊడి పడడం మొదలెట్టాయి. వరసలో ఎనిమిదో సిలిండరు. నాన్న చెయ్యి దాని మీద ఉంది. ఇంతకంటే నేను చెప్పలేను, అడక్కండి.

యార్డు ఆ చివరినించి పెదనాన్న పరిగెత్తుకొచ్చాడు, చేతిలో ఇంకా మూత పట్టుకునే ఉన్నాడు. తమ్ముణ్ణి చూశాడు. తరవాత ఎవరు ఆపినా ఆగకుండా సిలిండరు ముక్కల్లో వెతికి భుజం దగ్గర నంబరు ఉండే ముక్క పట్టుకున్నాడు. నంబరు చదివి నన్ను పిలిచాడు. "ఇది నిన్న నేను గీసిందే. గీత ఏదే?"

నేను ఏడుస్తున్నాను. ఏడుపు అడ్డం పెట్టుకుని జవాబు చెప్పలేదు.

కంపెనీ విచారణ చేసింది. మెషీనుకి చప్పుళ్ళు నేర్పిన ఉద్యోగికి వినికిడి లోపం ఉన్నందువల్ల మెషీను తప్పు నేర్చుకుందని తేల్చింది. మొదట చెప్పానే, ఆ కాగితం అదే. గుర్తు గీసిన సంగతి అందులో లేదు. మేనేజరుని ఇంకో ఊరి యార్డుకి మార్చారు, అక్కడ కూడా మంచివాడనే పేరు తెచ్చుకుని ఉంటాడు.

ఇంజనీరమ్మ కబురు తెలిసి వచ్చింది. మూడు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా ఆ చప్పుళ్ళ ముందే కూచుంది. మూడో రోజు పెదనాన్నని పిలిపించి, పక్కనే ఉన్న ఒక మంచి సిలిండరుని కొట్టమంది. ఖంగుమంది. "ఇంకోసారి భుజం దగ్గర మెల్లగా కొట్టండి." కొట్టాడు. ఎర్రలైటు వెలిగింది. ఆ పిల్ల మొహం తెల్లబోయింది. మెషీను పగులు విననే లేదు. ఎనిమిది నెలలు అది విన్నది ఒకటే, పెదనాన్న రెండోసారి కొట్టాడా లేదా అని. ఇనప చెయ్యి ఎప్పుడూ ఒక్కసారే కొడుతుంది, కాబట్టి దాని లెక్కలో లోకమంతా మంచిదే. పక్కన దాచిన పదీ, చివర్లో పట్టిన మూడూ కూడా ఆయన చేత్తో కొట్టినవే. "నలభై మూడింటిని నలభై వేలు చేశాను బాబాయిగారూ. పగులుతో పాటు మీ రెండో దెబ్బని కూడా నలభై వేలు చేశాను. ఒక్కసారి మిమ్మల్ని అడగాల్సింది," అని ఆ పిల్ల టేబులు మీద తల పెట్టుకుంది.

"నువ్వడగలేదు, నేను చెప్పలేదు," అన్నాడు పెదనాన్న. "దానికి ఇంకో అవకాశం ఇద్దామనుకున్నానమ్మా, అంతే."

తరవాత ఆ పిల్ల మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది. ఆ సిలిండరుని గురువారం మెషీను కింద పెట్టినప్పటి చప్పుడు నా దగ్గరే ఉంది, ఎదురుగా 'మంచిది' అని. దాన్ని మార్చాలి. ఇనప చేత్తో కొట్టిన చెడ్డ చప్పుడు మా దగ్గర ఉన్నది అదొక్కటే. 'చెడ్డది' అని నొక్కాను. యాభై మూడూ, చివర్లో మూడూ, ఇది యాభై ఏడోది.

"దీనికి కూడా కాపీలు తీస్తావా?" అన్నాను.

"తియ్యాలి."

"దీన్ని వదిలెయ్యమ్మా. ఇది మా నాన్న."

"ఒక్కటిగా ఉంటే అది లెక్కచెయ్యదు," అంది మెల్లగా. ఆ మాటకి ఆ పిల్లని కొట్టాలనిపించింది. కానీ నిజమే చెప్పింది. తొమ్మిది వందల కాపీలు తీసింది, నేను కూచుని తొమ్మిది వందలూ విన్నాను.

మెషీను ఆపేశారు. కొట్టడం వచ్చినవాళ్ళు లేరు కాబట్టి, చెవిటివాడని రాసిన మనిషినే వెనక్కి పిలిచారు. సిగ్గూ శరమూ ఉంటే కదా. పెదనాన్న వచ్చాడు. ఇంజనీరమ్మ అడిగిందని ఇప్పుడు మంచిదైనా చెడ్డదైనా ప్రతిదాన్నీ రెండేసి సార్లు కొడుతున్నాడు, మెషీనుకి మళ్ళీ మొదటినించి నేర్పడానికి. ఇనప చేతికి పరీక్ష పెట్టడానికి కావాలని చెడ్డవాటిని ఇప్పుడు కోయించడం లేదు. వలకంచె కట్టి, తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు.

మొదటి రోజు భోజనాల వేళ ఇద్దరం బెంచీ మీద కూచున్నాం. నాన్న కూచునే చోటు మా మధ్య ఖాళీగా ఉంది. పెదనాన్న డబ్బా మూత కూడా తియ్యలేదు. అరచేతిలో సుద్దముక్క పెట్టుకుని చూస్తున్నాడు.

"వాడికి కనపళ్ళేదంటే నేను గట్టిగా గీయలేదే," అన్నాడు. "ఆ రోజు ఎవరైనా చూస్తారేమోనని తొందరపడ్డాను. ఇంకాస్త ఒత్తి గీసుంటే వాడికి కనపడేది. కదా?"

రెండు నెలలుగా ఈయన ఇదే అనుకుంటున్నాడన్నమాట. పెద్దమ్మ అప్పటికే చెప్పింది, నిద్రలో గోడ మీద వేలితో ఏదో గీస్తుంటాడని. ఇక నావల్ల కాలేదు.

"పెదనాన్నా, నేను తుడిచాను."

ఆయన నా వైపు తిరగలేదు. మొత్తం చెప్పేశాను, మేనేజరు మాట, పచ్చలైటు, తడిగుడ్డ. చెబుతున్నంతసేపూ తల పక్కకి వాల్చి విన్నాడు.

"రెండుసార్లు రుద్దావా?" అన్నాడు చివరికి.

"రుద్దాను."

"అయితే గట్టిగానే గీశానన్నమాట."

అని ఒక పెద్ద ఊపిరి వదిలాడు. ఆయన భుజాలు దిగడం చూశాను. మూత తీసి, రెండు నెలల తరవాత మొదటిసారి, డబ్బా అడుగు కనపడేదాకా తిన్నాడు. చెయ్యి కడుక్కుని సుత్తి తీసుకుని షెడ్డులోకి వెళ్ళాడు. ఆ తరవాత ఆయన నాతో మాట్లాడలేదు.

పదకొండు నెలలైంది. ఆయన కొట్టే చోటుకీ నా కుర్చీకీ మధ్య ఆరడుగులు ఉంటుంది. మంచిదో చెడ్డదో నోటితో చెప్పడం మానేశాడు, చెడ్డదైతే గుర్తు గీస్తాడు, అది చూసి నేను నొక్కుతాను. నా హెడ్‌ఫోన్లలో రోజుకి రెండు వందల సిలిండర్లు, నాలుగు వందల దెబ్బలు. ఆయన దగ్గర్నించి నాకు వినపడేది ఇప్పుడు అదొక్కటే.